మీకు తెలుసా? సైలెన్సర్ కూడా తుపాకీయే!

1959 నాటి ఆయుధాల చట్టం దృష్టిలో తుపాకీ అంటే పేలుడు బలంతోనో, మరో శక్తితోనో గుండునో మరోదాన్నో దూసుకుపోయేలా చేసే సాధనం. అంతటితో ఆగదు. చప్పుడు తగ్గించే సైలెన్సర్, తుపాకీ విడిభాగాలు, దాన్ని తయారుచేసే యంత్రాలు కూడా ఆ నిర్వచనంలోకే వస్తాయి. నాటు తుపాకులు తయారుచేసే చోట పూర్తయిన పిస్తోలు దొరక్కపోయినా కేసు నిలబడటానికి ఈ మాటలే ఆధారం. ఎంతో ముందుచూపున్న నిర్వచనం ఇది!

ఇలాంటి తుపాకీ ఉంచుకోవాలంటే లైసెన్సు కావాలి; బెంగళూరులో దాన్ని ఇచ్చేది నగర పోలీసు కమిషనర్. ఈ చట్టానికి 2019లో చేసిన సవరణతో ఒకరి దగ్గర ఉండదగిన తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది. పెళ్లి ఊరేగింపుల్లో ఇతరుల ప్రాణాలకు ముప్పు కలిగేలా గాల్లోకి కాల్చినా రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

కర్ణాటకలోనే ఉన్న కొడగులో మాత్రం కథ వేరు. అక్కడి కొడవ సముదాయం వారికి, జమ్మా అనే వంశపారంపర్య భూముల హక్కుదారులకు బ్రిటిషువారి కాలం నుంచీ లైసెన్సు మినహాయింపు ఉంది. దీన్ని సవాలు చేస్తే, 2021 సెప్టెంబరులో కర్ణాటక హైకోర్టు మినహాయింపు చెల్లుతుందనే తీర్పిచ్చింది.