ఆదోని గుట్టల వెంట ఒక శరత్కాలపు మధ్యాహ్నం

కర్నూలు జిల్లా పడమటి భాగాన్ని కరువు ప్రాంతంగా మాత్రమే విన్న అతిథికి ఆ నేలను చూపదలచినవారు ఆశ్వయుజ, కార్తీక మాసాలను, అంటే అక్టోబరు, నవంబరు నెలలను ఎంచుకోవడం ఉచితం. పడమటి కనుమలు నైరుతి మేఘాలను అడ్డుకోవడం వల్ల ఈ ప్రాంతం వానచాటున పడిపోయింది. అందువల్ల ఏడాదికి సుమారు 600 మిల్లీమీటర్లకు మించని వానలో పెద్ద వంతు ఆగస్టు, అక్టోబరు నెలల నడుమనే కురుస్తుంది. ఆ వాన వెలిసిన కొద్ది వారాలే ఆదోని గుట్టల పాదాలు పచ్చగా ఉంటాయి. తంగేడు పూస్తుంది, సీతాఫలం చెట్ల మీద కాయలు కళ్లు విచ్చుకుంటాయి, వేసవిలో పాదం మోపనివ్వని బండ మధ్యాహ్నం మూడు గంటలకే నడవడానికి అనువుగా చల్లబడుతుంది.

ఆదోని కోట ఒక కొండ మీద కట్టింది కాదు. మైదానంలో వంకరటింకర వలయంగా నిలిచిన అయిదు గ్రానైటు కొండలను కలుపుకొని కట్టిన దుర్గమది. వాటిలో బారాఖిల్లా, తాలిబండ అనేవి అన్నిటికన్నా ఎత్తైనవి, మైదానం నుంచి దాదాపు 800 అడుగులు లేచినవి. ఈ కొండల రాయి సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట భూగర్భంలో కరిగి, మెల్లగా గట్టిపడినది. పైనున్న పొరలు కొట్టుకుపోయి బరువు తగ్గేకొద్దీ ఈ రాయి ఉల్లిపాయ పొరల్లా పలకలుగా విడివడుతుంది. ఇలా విడివడటంవల్లనే కొండవాలు నున్నగా, గుండ్రంగా తయారవుతుంది. దగ్గరగా వంగి చూస్తే బండ ఒకే రంగులో ఉండదు. గులాబి, బూడిద రంగుల పలుకుల నడుమ నల్లని కాకిబంగారపు రేకులు ఏటవాలు ఎండకు మిలమిల మెరుస్తుంటాయి. విజయనగర కాలపు రాతిపనివారు ఇటువంటి బండలో వరుసగా చిన్న గుంతలు తొలిచి, వాటిలో మేకులు దిగగొట్టి రాయిని చీల్చేవారు. అలా చీల్చిన రాళ్ల అంచుల్లో పళ్లచక్రపు అంచు వంటి ఆనవాళ్లు నేటికీ నిలిచివుంటాయి. అతిథికి కోటగోడ ఎత్తుకన్నా ముందు చూపవలసింది ఆ గాట్లనే.

బట్టబండ నీటిని పీల్చుకోదు కనుక కురిసిన వానంతా జారి, రాయి ముగిసి మట్టి మొదలయ్యే అంచున చేరుతుంది. పైన బండమీద సహజంగా ఏర్పడి, వాననీరు నిలిచే గుంతను దొన అంటారు. కొండపాదాన గరుసుతో కలిసిన ఎర్రనేల, ఇంకా దిగువకు పోతే పగుళ్లు వారే నల్లరేగడి వస్తాయి. పాదపు నేల వేరుశనగకు, రేగడి పత్తికి, జొన్నకు సరిపడతాయి. గుట్ట అంచు వెంట మైలుదూరం నడిచిన అతిథి ఒక ప్రాంతపు వ్యవసాయ చరిత్రను పొలం గట్ల మీదే చదువుకోగలడు. ఆదోని పత్తి మార్కెట్టు, ముప్ఫై కిలోమీటర్ల దూరంలోని ఎమ్మిగనూరు మగ్గాలు ఈ నల్లరేగడి ఇచ్చిన పంటను ఆధారం చేసుకొని పెరిగినవే. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘాన్ని నెలకొల్పి, 1954లో పద్మశ్రీ అందుకున్నారు.

చరిత్ర పుస్తకాలు ఆదోనిని ముట్టడుల వరుసగా చెబుతాయి: తళ్లికోట యుద్ధం తర్వాత 1568లో బీజాపూరు వశమవడం, 17వ శతాబ్దంలో సిద్ది మసూద్ ఖాన్ పాలన, ఆయన కట్టించిన జామా మసీదు, తర్వాత మొగలులు, నిజాము తమ్ముడు బసాలత్ జంగ్, 1786లో నెల రోజులు ముట్టడించి కోటను పట్టిన టిపూ సుల్తాన్. టిపూ బురుజులను పడగొట్టించి, ఫిరంగులను గుత్తికి తరలించాడు. ఇంతమంది ఇన్నాళ్లు దీనికోసం పోరాడటానికి కారణం ఎత్తు ఒక్కటే కాదు. బారాఖిల్లాకు సగం దారిలో ఎన్నడూ ఎండదని పేరున్న మంచినీటి కొలను ఉంది. ముట్టడిలో తిండిగింజలు నెలలకు నిల్వ చేసుకోవచ్చు గాని, నీరు లేని కోట వారం నిలవదు. కనుక ఆ కొలను ఆదోని చరిత్రలో మొదటి అధ్యాయం కావలసినది. ఏ గైడు కూడా అక్కడినుంచి కథ మొదలుపెట్టకపోవడం విచిత్రం.

1800లో దత్తమండలాలుగా, అంటే నిజాము ఆంగ్లేయులకు వదులుకున్న జిల్లాలుగా, ఈ ప్రాంతం కంపెనీ పాలనలోకి వచ్చింది. చాలాకాలం బళ్లారి జిల్లాలో ఉన్న ఆదోని, ఆలూరు తాలూకాలు 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలులో కలిశాయి. అందుకే ఆదోనిలోని రణమండల కొండ మెట్ల మీద ఆంజనేయస్వామి దర్శనానికి ఎక్కేవారి మాటల్లో తెలుగుతోబాటు కన్నడం, దక్కనీ ఉర్దూ కూడా ఒకే శ్వాసలో వినిపిస్తాయి. ఇదే ఋతువులో, విజయదశమి రాత్రి, ఆలూరు దాపున దేవరగట్టు కొండమీద మాళమల్లేశ్వరుని ఉత్సవం జరుగుతుంది. కాగడాల వెలుగులో కర్రలతో తలపడే ఆ బన్ని వేడుకలో ఏటా పలువురు గాయపడతారు. కొత్తవారికి చూపదగింది పగటి కొండే కాని, ఆ రాత్రి జనసమ్మర్దం కాదు.

నడక మూడు గంటలకు మొదలుపెట్టి, కార్తీకంలో సూర్యాస్తమయం ఆరుకు కాస్త ముందే కనుక, అయిదున్నర లోపు దిగడం క్షేమం. తడి పాకుడు పట్టిన బండ మీద చెప్పులు జారతాయి. పట్టున్న బూట్లు, మనిషికి రెండు లీటర్ల నీరు తప్పనిసరి. ముంబయి–చెన్నై రైలు మార్గంలో ఆదోని స్టేషను ఉన్నా, విదేశాల నుంచి వచ్చే బంధువుల్లో ఎక్కువమంది నేరుగా మంత్రాలయం చూసి వెళ్లిపోతున్నారు. ఈసారి దసరాకు వచ్చేవారు ఒక మధ్యాహ్నం ఈ గుట్టలకు కేటాయించి, పశువులు కాచిన అవ్వలను, తాతలను వెంటబెట్టుకొని, ఒక్కొక్క బండ పేరు, దొన పేరు అడిగి రాసుకోవాలి. అలా సేకరించిన పేర్లను వచ్చే సంచికకు పంపవలసిందిగా సభ్యులకు మనవి.