గద్దె దిగాక అడిగే ప్రశ్నలు

ఎన్టీఆర్ జిల్లా రెడ్డిగూడెం ఓటర్లు మైలవరం ఎమ్మెల్యేను ఎన్నుకుంటారు. ఆ ఎమ్మెల్యే వెలగపూడి శాసనసభలో లేచి మామిడి ధర మీదో, గుంతలు పడ్డ రోడ్డు మీదో, పోలీస్ స్టేషన్లో ఖాళీల మీదో ప్రశ్న వేస్తే మంత్రి జవాబు చెప్పాలి. పోయిన ఏడాది రాష్ట్రంలో ఎన్ని ఫోన్లు విన్నారు, వాటిలో ఎన్ని అనుమతులను తర్వాత సమీక్షలో తప్పుబట్టారు అన్న లెక్క మాత్రం సభ ముందు పెట్టాలని ఏ చట్టమూ చెప్పడం లేదు. అలాగని మన శాసనసభ్యులకు నిఘా విభాగాల మీద పట్టింపు లేదనుకోకూడదు. చాలా ఉంది. అయితే ఆ పట్టింపు ప్రభుత్వం మారాక పుడుతుంది, దిగిపోయిన ప్రభుత్వం మీదికే పోతుంది. ఇంటెలిజెన్స్ గోప్యతకూ శాసనసభ పర్యవేక్షణకూ మధ్య తెలుగు రాష్ట్రాల్లో ఉన్న అసలు చిక్కు ఇదే. మనం చేస్తున్నది గతం మీద విచారణ. దాన్నే పర్యవేక్షణ అనుకుంటున్నాం.

2022 మార్చిలో ఏం జరిగిందో చూడండి. చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు ఆంధ్రప్రదేశ్ పెగాసస్ కొనుక్కుందని పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి మమతా బెనర్జీ అన్నారు. ఫోన్‌లోకి చొరబడి అందులోని సమస్తాన్నీ లాగేసే ఇజ్రాయెల్ సాఫ్ట్‌వేర్ అది. తెలుగుదేశం ఆ మాటను ఖండించింది. 2019 మే వరకు ప్రభుత్వం అలాంటిదేదీ కొనలేదని మాజీ ఇంటెలిజెన్స్ అధిపతి ఏబీ వెంకటేశ్వరరావు విలేకరుల ముందు చెప్పారు. వైఎస్సార్ కాంగ్రెస్ ఆధిక్యంలో ఉన్న సభ భూమన కరుణాకర్ రెడ్డి అధ్యక్షతన సభాసంఘం వేసింది. ఆ సెప్టెంబర్లో సంఘం ఇచ్చిన మధ్యంతర నివేదికలో పెగాసస్ కొన్నట్టు రుజువు లేదు. తెలుగుదేశం వాడిన సేవామిత్ర యాప్‌కు ప్రభుత్వ సమాచారం చేరిందన్న ఆరోపణ చుట్టూనే అది తిరిగింది. అయిదు నెలలు తిరక్కుండానే, 2023 ఫిబ్రవరిలో, అధికార పక్షానికే చెందిన నెల్లూరు రూరల్ ఎమ్మెల్యే కోటంరెడ్డి శ్రీధర్ రెడ్డి తన ఫోన్‌ను తన ప్రభుత్వమే ట్యాప్ చేసిందని బహిరంగంగా ఆరోపించారు. అది ట్యాపింగ్ కాదని, అవతలి వ్యక్తి చేసుకున్న రికార్డింగ్ అని ప్రభుత్వ పక్షం చెప్పింది. ఎవరి మాట నిజమో తేల్చగల చోటు సభలోనే ఉండాలి. కానీ ఆయన కేంద్ర హోం శాఖకు మొరపెట్టుకున్నారు. తాను సభ్యుడుగా ఉన్న సభ ఆయనకు గుర్తు రాలేదంటే తప్పు ఆయనది కాదు. నిఘా మీద సభ వేసిన సంఘం ఒకటి ఉన్నా, దాని చూపు 2019 దగ్గరే ఆగిపోయింది.

పదవిలో ఉన్న ఇంటెలిజెన్స్ అధిపతిని ఈ రాష్ట్రంలో ఎవరైనా కదిలించగలిగారా అంటే, ఎన్నికల సంఘం కదిలించింది. 2019 మార్చిలో ఏబీ వెంకటేశ్వరరావును, 2024 ఏప్రిల్‌లో పీఎస్ఆర్ ఆంజనేయులును పోలింగ్ ముందు ఆ కుర్చీలోంచి తప్పించింది. ఒకసారి తెలుగుదేశం ప్రభుత్వం, ఒకసారి వైఎస్సార్ కాంగ్రెస్ ప్రభుత్వం. రెండు సార్లూ ఫిర్యాదు ఒకే రకం: ఆ కుర్చీ అధికార పార్టీ కోసం పనిచేస్తోందన్నది. ఆ ఫిర్యాదుల్లో నిజమెంతన్నది పక్కన పెడదాం. అయిదేళ్ల పాలనలో ఎన్నికల నియమావళి అమల్లో ఉండే కొన్ని వారాలు తప్ప, మిగతా కాలమంతా ఆ కుర్చీని అడిగే అధికారం ప్రభుత్వం బయట ఎవరికీ లేకపోవడమే నన్ను కలవరపెట్టే విషయం.

తెలంగాణ కేసు ఇంకా బరువైనది. మావోయిస్టుల కదలికలు కనిపెట్టడానికి ఏర్పడిన స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరో, మనందరికీ తెలిసిన పేరుతో చెప్పాలంటే ఎస్ఐబీ, బీఆర్ఎస్ పాలనలో ప్రతిపక్ష నాయకుల ఫోన్లు విన్నదన్నది ఆరోపణ. 2023 డిసెంబర్ 3న ఎన్నికల ఫలితాలు వచ్చాయి. మర్నాడు రాత్రి ఎస్ఐబీ కార్యాలయంలో హార్డ్‌డిస్కులు ధ్వంసం చేశారని పోలీసులు అంటున్నారు. 2024 మార్చిలో పంజాగుట్ట స్టేషన్లో కేసు నమోదైంది, డీఎస్పీ ప్రణీత్ రావు అరెస్టయ్యారు. అమెరికా వెళ్లిన ఎస్ఐబీ మాజీ అధిపతి టి. ప్రభాకర్ రావు అరెస్టు నుంచి సుప్రీంకోర్టు రక్షణ ఇచ్చాక 2025 జూన్‌లో తిరిగి వచ్చారు. నేరం జరిగిందా, ఎవరు చేశారన్నది కోర్టు తేల్చాలి. నా ప్రశ్న వేరు. పోలీసులు చెబుతున్నదే నిజమైతే, అంత పెద్ద పని నెలల తరబడి జరుగుతున్నప్పుడు దాన్ని పట్టుకోగలిగిన కన్ను ప్రభుత్వంలో ఒక్కటీ లేదా?

కాగితం మీద ఉంది. పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసులో 1996లో సుప్రీంకోర్టు ఫోన్ ట్యాపింగ్‌కు హద్దులు గీసింది. వాటి ఆధారంగా 2007లో టెలిగ్రాఫ్ నియమాల్లో 419ఏ నిబంధన వచ్చింది. రాష్ట్రంలో ఫోన్ వినాలంటే హోం కార్యదర్శి ఉత్తర్వు ఉండాలి. అది అరవై రోజులు చెల్లుతుంది, ఎంత పొడిగించినా నూట ఎనభై రోజులు దాటకూడదు. ఆ ఉత్తర్వులను ప్రధాన కార్యదర్శి, న్యాయ కార్యదర్శి, మరో కార్యదర్శి కూర్చుని రెండు నెలలకోసారి పరిశీలించాలి. 2024 డిసెంబర్లో కొత్త నిబంధనలు వచ్చినా ఈ చట్రం అలాగే ఉంది. ఇందులో అడిగేవారూ చెప్పేవారూ ఒకే ప్రభుత్వ ఉద్యోగులు. కేంద్రం సంగతి చెబుతూ, వ్యక్తిగత సమాచార రక్షణపై వేసిన జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ 2018లో ఒక లెక్క చూపింది. సమీక్షా సంఘం ఒక్కో సమావేశంలో పదిహేను నుంచి పద్దెనిమిది వేల ఉత్తర్వులు చూడాల్సి వస్తోందట. అన్నింటినీ చదవడం మనుషులకు సాధ్యం కాదు. వీటన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. వాడుక తీరిన ట్యాపింగ్ రికార్డులను ఆరు నెలలకోసారి నాశనం చేయాలని ఆ నిబంధనలే చెబుతాయి. పౌరుడి మాటలు ఎవరి బీరువాలోనూ శాశ్వతంగా ఉండకూడదు కాబట్టి అది మంచి నియమమే. కానీ ఆరు నెలలకు చెరిగిపోయే ఆధారాన్ని అయిదేళ్లకు వచ్చే ప్రభుత్వం ఎక్కడ వెతుకుతుంది? ఎవరూ హార్డ్‌డిస్కులు పగలగొట్టకపోయినా, పద్ధతి ప్రకారమే అంతా జరిగినా, గద్దె దిగాక మొదలయ్యే విచారణకు చేతికందేది చాలా తక్కువ. పనిలో ఉన్నప్పుడే చూసే ఏర్పాటు లేకపోతే తర్వాత చూడడానికి ఏమీ మిగలదు.

రహస్యం ఎమ్మెల్యేల చేతికిస్తే మర్నాటి పత్రికల్లో ఉంటుందని పోలీసు అధికారులు అంటారు. ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసెయ్యలేం. నక్సలైట్లను ఎదుర్కొనే పోలీసు దళం గ్రేహౌండ్స్‌ను 1989లో నిర్మించిన కె.ఎస్. వ్యాస్ 1993లో నక్సలైట్ల తూటాలకు బలయ్యారు. ఇన్ఫార్మర్ పేరు పొక్కితే ప్రాణం పోతుంది. అయితే సభ అడగాల్సింది ఇన్ఫార్మర్ల పేర్లు కాదు, రేపు జరగబోయే కూంబింగ్ వివరాలూ కాదు. ఎన్ని ఉత్తర్వులు, ఏ కారణాల కింద, ఎన్ని పొడిగింపులు, సమీక్షలో ఎన్ని రద్దయ్యాయి, ఏ పరికరాలు కొన్నారు అన్నవే. ఇంతకన్నా లోతైన రహస్యాలు చూసే చట్టసభలు ప్రపంచంలో ఉన్నాయి. అమెరికా సెనేట్ 1975లో చర్చ్ కమిటీ వేసినప్పుడు రూజ్‌వెల్ట్ నుంచి నిక్సన్ దాకా రెండు పార్టీల అధ్యక్షుల కాలాల్లో జరిగిన అతిక్రమణలనూ తవ్వింది. అక్కడితో ఆగకుండా 1976లో శాశ్వత సంఘాన్ని పెట్టుకుంది. 2014లో ఆ సంఘం సిబ్బంది కంప్యూటర్లలోకి సీఐఏ చొరబడిందని సెనేట్‌లో నిలబడి చెప్పిన డయాన్ ఫైన్‌స్టైన్, అప్పటి అధ్యక్షుడు ఒబామా పార్టీ మనిషే. సీఐఏ అధిపతి క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది.

కోర్టులున్నాయి కదా, చాలవా అని మరికొందరి మాట. మన జిల్లాలోని పొన్నవరం నుంచి వెళ్లి భారత ప్రధాన న్యాయమూర్తి అయిన ఎన్.వి. రమణ, 2021 అక్టోబర్ 27న పెగాసస్ కేసులో, జాతీయ భద్రత పేరెత్తినంత మాత్రాన ప్రభుత్వానికి ప్రతిసారీ మినహాయింపు దొరకదని తీర్పు రాశారు. గొప్ప మాట. మరుసటి ఏడాది ఆగస్టులో సాంకేతిక కమిటీ పరిశీలించిన 29 ఫోన్లలో అయిదింట్లో హానికర సాఫ్ట్‌వేర్ కనబడింది, అది పెగాససేనని తేలలేదు. కేంద్రం సహకరించలేదని కోర్టే చెప్పింది. కోర్టు ముందుకు రావాలంటే తన ఫోన్ విన్నారని పౌరుడికి ముందు తెలియాలి. రహస్య నిఘాలో తెలియనిదే అది. ఫిర్యాదు లేకపోయినా ఫైలు తెరిపించి చూడగలిగే అధికారం చట్టసభకు ఉండాల్సింది ఇందుకే.

నాకు అన్నిటికన్నా బలంగా తోచే అభ్యంతరం సభ గురించే. శాసనసభ సంఘాలు స్వతంత్రంగా ఉంటాయని నమ్మడమెలా? ప్రజాపద్దుల సంఘానికి ప్రతిపక్షం వారు అధ్యక్షత వహించడం మన సంప్రదాయం. 2024 సెప్టెంబర్లో తెలంగాణలో ఆ పదవి బీఆర్ఎస్ టికెట్ మీద గెలిచి కాంగ్రెస్ వైపు వెళ్లిన అరెకపూడి గాంధీకి దక్కింది. నవంబర్లో ఆంధ్రప్రదేశ్‌లో పదకొండు మంది ఎమ్మెల్యేలే ఉన్న వైఎస్సార్ కాంగ్రెస్ ఆ ఎన్నికను బహిష్కరించింది, అధికార కూటమిలోని జనసేన సభ్యుడు పులపర్తి రామాంజనేయులు అధ్యక్షుడయ్యారు. సంప్రదాయాన్ని నమ్ముకుంటే నిఘా సంఘానికీ ఇదే గతి పడుతుంది. కాబట్టి దాని స్వరూపాన్ని సంప్రదాయానికి వదలకుండా నియమంగా రాయాలి. బ్రిటన్‌లో 2013 చట్టం ప్రకారం నిఘా సంఘం సభ్యులే తమ అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు. 2020 జూలైలో ప్రధాని బోరిస్ జాన్సన్ కోరుకున్న వ్యక్తిని కాదని, ప్రతిపక్ష సభ్యుల ఓట్లతో అధికార పార్టీకే చెందిన జూలియన్ లూయిస్ గెలిచారు. పార్టీ ఆయన్ను పార్లమెంటరీ పక్షం నుంచి వెళ్లగొట్టింది. అయినా రష్యా జోక్యంపై ఆ సంఘం రాసిన, నెలలుగా ఆగిన నివేదిక ఆ నెలలోనే బయటికి వచ్చింది.

ట్యాపింగ్ చట్టం కేంద్రానిదే కావచ్చు. పోలీసు వ్యవస్థ మాత్రం రాష్ట్ర జాబితాలోది, ఉత్తర్వు మీద సంతకం పెట్టేది రాష్ట్ర హోం కార్యదర్శే. సభ తన పనితీరు నియమాలను తానే రాసుకోవచ్చని రాజ్యాంగం 208వ అధికరణం చెబుతుంది. ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. కొద్దిమంది సభ్యులతో, ప్రతిపక్షానికీ పార్టీ లేనివారికీ కలిపి సగం స్థానాలిచ్చి, మూసిన తలుపుల వెనక కూర్చుని, నడుస్తున్న ఏడాది లెక్కలను ఆరు నెలలు గడవకముందే చూసే సంఘాన్ని ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సభలు ఈ సమావేశాల్లోనే వేసుకోగలవు. తొలి నివేదికలో ఉండాల్సింది ఒక్క అంకె: పోయిన ఏడాది హోం కార్యదర్శి సంతకం చేసిన ఉత్తర్వులెన్ని అన్నది.