మీకు తెలుసా? కోట గోడెక్కిన కోచ్

1971 ఫిబ్రవరి 13. ఇంగ్లండ్‌లో ఎఫ్.ఏ. కప్ ఫుట్‌బాల్ టోర్నీ ఐదో రౌండ్. ఒకవైపు, అప్పట్లో అందరూ హడలిపోయే లీడ్స్ యునైటెడ్. మరోవైపు నాలుగో డివిజన్‌లో, అంటే లీగ్‌లో అట్టడుగు అంతస్తులో ఆడే కోల్చెస్టర్ యునైటెడ్. జట్టులో ముప్పై దాటినవాళ్లు ఎక్కువ కావడంతో దానికి ‘తాతగారి సైన్యం’ అని పేరు.

కోల్చెస్టర్ సొంత మైదానం లేయర్ రోడ్ చిన్నగా, ఇరుకుగా ఉండేది. కోల్చెస్టర్ ఆటగాడు, 34 ఏళ్ల రే క్రాఫోర్డ్ మొదట తలతో ఓ గోల్ కొట్టాడు. రెండోది మరీ విడ్డూరం: కింద పడిపోయి ఉండి కూడా కాలితో బంతిని తోసేశాడు, అది పోస్టుకు తగిలి లోపలికి దొర్లింది! డేవ్ సిమన్స్ మూడోది వేశాడు. లీడ్స్ తేరుకుని రెండు కొట్టినా అప్పటికే ఆలస్యమైపోయింది. 3-2.

గెలిస్తే ఊళ్లోని నార్మన్ల కాలపు కోట గోడ ఎక్కుతానన్న మేనేజర్ డిక్ గ్రాహమ్ అన్నంత పనీ చేశాడు.

క్వార్టర్ ఫైనల్లో మాత్రం ఎవర్టన్ 5-0తో చితక్కొట్టింది. లీగ్‌లో ఆరో స్థానమే దక్కింది, ప్రమోషన్ రాలేదు. అయినా కోల్చెస్టర్‌లో ఆ ఆరో స్థానం గురించి అడిగేదెవరు?