డబ్బాపాలూ, జెనీవా తీర్మానమూ

పాతకాపురాలున్న మన ఇళ్లలో అటక వెదికితే పసిపిల్లల పాలపొడి డబ్బా ఒకటి దొరకక మానదు. పొడి ఎన్నడో అయిపోయినది. ఇప్పుడందులో మెంతులో, ఆవాలో, చొక్కా గుండీలో ఉంటవి. డబ్బా మీద బుగ్గలు పొంగిన పసివాడి బొమ్మ. ఇప్పుడు మందుల షాపుకు వెళ్లి అటువంటి డబ్బానే అడిగి చూడండి. పసివాడు కనిపించడు. అతని బదులు, తల్లిపాలే బిడ్డకు శ్రేష్ఠమని పెద్ద అక్షరాలలో ప్రకటన ఉంటుంది. తాను అమ్మే సరుకు మీద "ఇంతకన్న మేలైనది మీ ఇంట్లోనే ఉన్నది" అని ఏ వర్తకుడు తనంతట తాను అచ్చువేయించుకుంటాడు? ఆ పసివాణ్ణి డబ్బా మీదినుంచి దింపడానికి యాభై ఏళ్లకు పైగా పట్టినది.

1939లో సింగపూరు రోటరీ క్లబ్బులో సిసిలీ విలియమ్స్ అనే వైద్యురాలు ఉపన్యసించారు. క్వాషియార్కర్ అనే పోషకాహార లోపవ్యాధిని వైద్యలోకానికి తెలియజెప్పినది ఈమెయే. ఆనాటి ఉపన్యాసానికి ఆమె పెట్టిన పేరు "పాలూ, హత్యా". తీపి కలిపిన చిక్కపాల డబ్బాలు అమ్మడానికి కంపెనీలు ఆడవాళ్లకు నర్సుల వేషం వేసి బాలింతల వద్దకు పంపేవి. డబ్బాపాలు తాగిన పసికందులు ఆసుపత్రిలో ఆమె కళ్లముందే పోయేవారు. మరి హత్య అనక ఏమంటారు?

పాలపొడి విషం కాదు. తల్లిని పోగొట్టుకున్న బిడ్డకు అదే ప్రాణాధారం. చిక్కంతా దానిని కలిపే నీటిలోను, కొనే డబ్బులోను ఉన్నది. చెరువునీరు తాగే ఊళ్లో సీసాను పూటపూటా మరిగించడానికి కట్టెలెక్కడివి? వారానికి సరిపోయే డబ్బాను నెలకు సర్దవలసిన ఇంట్లో బిడ్డ తాగేది తెల్లని నీళ్లే. ఇంకొక సంగతి ఉన్నది. మన అమ్మమ్మలకు బాగా తెలుసు. బిడ్డ కుడిచినంతకాలమే తల్లికి పాలు పడతవి. ఆసుపత్రిలో ఒక డబ్బా ఉచితంగా ఇచ్చారనుకోండి, అది అయిపోయేసరికి తల్లి పాలు ఇంకిపోతవి. రెండవ డబ్బా మాత్రం ఉచితం కాదు.

1974లో లండనులోని వార్ ఆన్ వాంట్ అనే సంఘం ఈ వ్యాపారాన్ని గురించి ఒక చిన్న పుస్తకం వేసింది. స్విట్జర్లాండు యువకులు కొందరు దానిని అనువదించి, నెస్లే కంపెనీ శిశువులను చంపుతున్నదని శీర్షిక పెట్టారు. కంపెనీ పరువునష్టం దావా వేసినది. 1976లో బెర్ను న్యాయాధిపతి ఆ శీర్షిక తప్పేనని ఒక్కొక్కరికి 300 ఫ్రాంకులు జరిమానా వేశారు. కాని, అమ్మే పద్ధతులు మార్చుకొనుమని కంపెనీకీ హితవు చెప్పారు. గెలిచినవారికి తలవంపులు తెచ్చిన తీర్పు అది! మరుసటి ఏడాదే అమెరికాలో ఆ కంపెనీ సరుకుల బహిష్కారం మొదలైనది. విదేశీవస్త్రాలను తగులబెట్టినవారి మనుమలకు ఆ మాట కొత్తగాదు.

1981 మే 21న జెనీవాలో ప్రపంచ ఆరోగ్య మహాసభ వోటు తీసుకున్నది. పాలపొడిని జనానికి ప్రకటనలతో అమ్మరాదు, తల్లులకు మచ్చు డబ్బాలు ఇవ్వరాదు, కంపెనీవారు బాలింతలను కలుసుకోరాదు అని నియమావళి. అనుకూలం 118, తటస్థం 3, వ్యతిరేకం ఒకటే. ఆ ఒకటి అమెరికా.

ఇంతమంది చేతులెత్తినా అది సిఫారసే గాని శాసనం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు పోలీసు లేడు, జైలు లేదు. కంపెనీకి ఎన్ని దేశాలలోనైనా దుకాణాలు ఉండవచ్చును. దానిని పట్టుకొనే చట్టం మాత్రం ఒక్కొక్క దేశం వేరువేరుగా చేసుకోవలసిందే. మన దేశం 1983లో జాతీయ నియమావళి వ్రాసుకున్నది, 1992లో చట్టం చేసినది. 1993 ఆగస్టు 1 నుంచి అది అమలులోకి వచ్చినది. డబ్బా మీద పసిపిల్లల బొమ్మగాని, స్త్రీ బొమ్మగాని ఉండరాదు. ఉచితపు డబ్బాలు కూడదు, అనాథాశ్రమాలకు మినహాయింపు. మీరితే మూడేళ్ల వరకు జైలు. 2003లో సవరించి, రెండేళ్ల లోపు పిల్లల ఆహారమంతటికీ ప్రకటనల నిషేధం వర్తింపజేశారు.

ఇది విదేశీ కంపెనీల మీద కోపంతో చేసిన చట్టం కాదు. గేదెపాలతో శిశువుల ఆహారం చేసే విధానం మన మైసూరులోని ఆహార పరిశోధన సంస్థలోనే రూపొందినది. ఆనందు రైతుల సహకార సంఘం దానిని డబ్బాలకెత్తినది. ఆ స్వదేశీ డబ్బా మీదా పసివాడు ఉండరాదు. అదే న్యాయం.

అంతటితో తగవు తీరలేదు. 2024 ఏప్రిల్‌లో పబ్లిక్ ఐ అనే స్విస్ సంస్థ ఒక సంగతి బయటపెట్టినది. నెస్లే వారి సెరిలాక్‌లో జర్మనీ, బ్రిటనులలో అమ్మేదానికి చక్కెర కలపరు. ఇండియాలో అమ్మేదానిలో పూటకు సగటున దాదాపు 3 గ్రాములు కలుపుతున్నారు. ఇక్కడి నిబంధనలకు లోబడే ఉన్నామనీ, అయిదేళ్లలో చక్కెర 30 శాతం వరకు తగ్గించామనీ కంపెనీ జవాబు. అదే సంవత్సరం అక్టోబరులో, 21 రకాలలో 14 చక్కెర లేకుండా వస్తవని ప్రకటించింది. సంతోషమే. కాని జర్మనీ పిల్లవాడికి అక్కరలేని చక్కెర మన పిల్లవాడికి అన్నేళ్లు ఎందుకు కావలసి వచ్చినదో ఆ జవాబులో లేదు.

2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మరొక నివేదిక వేసినది. కంపెనీలు ఇప్పుడు బాలింతల ఫోనులలోకి దిగినవట. పేరున్న తల్లులకు సొమ్మిచ్చి పాలపొడిని పొగిడిస్తారు, పిల్లల పెంపకం సంఘాలు నడుపుతారు, సలహా అడిగినవారికి సలహా చెబుతారు. నర్సు వేషం అక్కరలేదు.

మన చట్టంలో ఒక మంచి ఏర్పాటు ఉన్నది. ప్రభుత్వ అధికారే కాక, ప్రభుత్వం గుర్తించిన స్వచ్ఛంద సంస్థలు కూడా కోర్టులో ఫిర్యాదు చేయవచ్చును. బ్రెస్ట్‌ఫీడింగ్ ప్రమోషన్ నెట్‌వర్క్ ఆఫ్ ఇండియా అటువంటిది. మీ కోడలికో కూతురికో ఆసుపత్రిలో ఎవరైనా ఉచితంగా డబ్బా చేతిలో పెడితే, దాని ఫోటో తీసి, తేదీ వేసి ఉంచుకోండి.