టైమింగ్ చైను మాట వినుట

తెల్లవారుజామున చల్లబడియున్న కారును స్టార్టు చేయగానే, రేడియేటరుకు వెనుకవైపున గలగలమను చప్పుడు రెండు మూడు క్షణములు వినిపించి, పిదప తనంతట తానే అణగిపోవుట పలువురకు అనుభవమే. చప్పుడు పోయినది గదాయని యజమాని తృప్తిపడి బండి నడుపుకొనిపోవును. కాని ఆ రెండు క్షణములలో ఇంజను చెప్పిన మాట వినదగినది. పెక్కు సందర్భములలో అది టైమింగ్ చైను వదులయినదని తెలుపు తొలి సూచన. అద్దె కారు నడిపి సంసారము నీడ్చుకొను వానికి ఈ మాట మరింత ముఖ్యము. దానిని విన్నవాడు కొన్ని విడిభాగముల వెల చెల్లించును. విననివాడు ఒక్కొక్కప్పుడు ఇంజను వెలయే చెల్లించును.

ఈ చైను చేయు పని యేమి? గాలిని పీల్చుట, అదుముట, మండించుట, పొగను వెడలగొట్టుట అను నాలుగు పనులు ముగియుటకు క్రాంకు షాఫ్టు రెండు చుట్లు తిరుగును. ఆ రెండు చుట్లలో ప్రతి వాల్వును ఒక్కమారు మాత్రమే తెరచుకొని మూసికొనవలయును. కనుక వాల్వులను తెరచు కామ్ షాఫ్టు సరిగా సగము వేగముతో తిరుగవలసియున్నది. అందుకై కామ్ షాఫ్టు మీది పళ్ళచక్రమునకు, క్రాంకు షాఫ్టు మీది చక్రమునకంటె రెట్టింపు పళ్ళుండును. ఈ రెండు చక్రములను కలుపునదే టైమింగ్ చైను. పెండ్లి మేళములో సన్నాయికి డోలు వెనుకబడినచో పాట యెట్లు చెడునో, పిస్టనుకు వాల్వు వెనుకబడినచో ఇంజను పని అట్లే చెడును.

చైను సాగినదని మేస్త్రులు చెప్పుట వాడుక. నిజమునకు ఉక్కు పలకలు సాగవు. 1880లో మాంచెస్టరు నగరమున హాన్స్ రెనాల్డ్ రూపొందించిన బుష్ రోలరు చైను పద్ధతినే నేటికిని పెక్కు చైనులు అనుసరించుచున్నవి. ఇందులో ప్రతి కీలునందును ఒక పిన్ను, దానిచుట్టు ఒక బుష్షు ఉండును. ఈ రెండును ఒరసికొని అరుగును. ఒక చైనులో అరువది కీళ్ళున్నవనుకొందము. ఒక్కొక్క కీలు మిల్లీమీటరులో ఏబదవ వంతు మాత్రమే అరిగినను, మొత్తము చైను 1.2 మిల్లీమీటర్లు పొడవగును. ఒక కీలును చూచిన కంటికి ఏమియు తోచదు. అరువది కీళ్ళ అరుగుదల కలసినప్పుడే దోషము బయటపడును. ఈ అరుగుదలకు ముఖ్యకారణము నూనె. సకాలమున మార్చని నూనెలో మసియు, లోహపు రజనును చేరి కీళ్ళను నూరును. డీజిలు ఇంజనులలో మసి అధికము గనుక ఈ బాధయు అధికము.

చైను పొడవైనకొలది కామ్ షాఫ్టు వెనుకబడును. వాల్వులు ఆలస్యముగా తెరచుకొని ఆలస్యముగా మూసికొనును. డిస్ట్రిబ్యూటరును కామ్ షాఫ్టే త్రిప్పు ఇంజనులలో నిప్పురవ్వయు ఆలస్యమగును. తక్కువ వేగమున లాగుడు తగ్గును. పెట్రోలు ఖర్చు హెచ్చును. ఇంకను ఉపేక్షించినచో చైను ఒక పన్ను దాటి దుమికిపోవచ్చును. పిస్టను పైకి వచ్చువేళ వాల్వు తెరచియుండి దానికి తగులునట్టి ఇంజనులలో వాల్వులు వంగుట అప్పటికప్పుడే జరుగును.

ఇక పరీక్ష. మన త్రోవలపై చిరకాలము తిరిగిన అంబాసిడరు కారును ఉదాహరణముగా తీసికొందము. దాని తయారీ 2014లో ఆగినను, పాత 1489 సీసీ పెట్రోలు ఇంజనులను కాపాడుకొనువారు ఇప్పటికిని కలరు. స్పార్కు ప్లగ్గులను తీసినచో ఇంజను చేతికి తేలికగా తిరుగును. డిస్ట్రిబ్యూటరు మూత తీసి, ముందునుండి చూచినప్పుడు గడియారపు ముల్లు తిరుగు దిశగా క్రాంకు పుల్లీని త్రిప్పి ఒక గుర్తువద్ద నిలుపవలయును. తరువాత మెల్లగా వెనుకకు త్రిప్పుచు, రోటరు ఎప్పుడు కదలునో గమనింపవలయును. రోటరు కదలకుండ పుల్లీ ఎంత తిరిగినదో అంతయు వదులన్నమాట. పుల్లీ చుట్టుకొలత 36 సెంటీమీటర్లయినచో, అంచుమీద ఒక్కొక్క మిల్లీమీటరు ఒక డిగ్రీ యగును; కొలత సులభము. ఐదారు డిగ్రీలు దాటినచో కవరు విప్పి చూచుట మేలు. డిస్ట్రిబ్యూటరు పళ్ళలోని వదులుకూడ ఈ లెక్కలో చేరును గనుక, ఇది సూచనయే గాని తీర్పు కాదు. తీర్పు చైనును కంటితో చూచిన పిమ్మటనే.

విప్పినప్పుడు చైనును మాత్రమే చూచి తృప్తిపడరాదు. మేమొకప్పుడు ఖర్చు తగ్గునని పాత చక్రములమీద క్రొత్త చైనును వేయించితిమి. ఏడాది తిరుగకముందే ఆ గలగల మరల వినవచ్చినది. విప్పి చూడగా చక్రముల పళ్ళు కొక్కెములవలె ఒకవైపునకు వంగియుండెను; అవి క్రొత్త చైనును గూడ తమ దారికి త్రిప్పుకొన్నవి. మిగిల్చిన సొమ్మునకు రెండింతలు రెండవమారు కూలిక్రిందనే పోయినది. కావున చైను, రెండు చక్రములు, టెన్షనరు ఉన్నచో అదియు, ముందరి ఆయిలు సీలును ఒక్కసారిగా మార్చుటయే పొదుపు.

మార్చు క్రమమిది. బ్యాటరీ తీగను విప్పి, నీరు వదలి, రేడియేటరును, ఫ్యాను బెల్టును, పుల్లీని, కవరును క్రమముగా తీయవలయును. రెండు చక్రములమీద చుక్కలవంటి గుర్తులుండును. ఆ గుర్తులు ఒకదానికొకటి ఎదురెదురుగా, రెండు షాఫ్టుల నడుమ గీచిన సరళరేఖపై నిలుచువరకు ఇంజనును త్రిప్పి, అటుపిమ్మట కదల్పరాదు. చక్రములను చైనుతోగూడ కొంచెము కొంచెముగా ముందుకు లాగి తీయవలయును. క్రొత్త జతను గుర్తులు తప్పకుండ చైనులో అమర్చి, నూనె పూసి, అదే విధముగా ఎక్కింపవలయును. రెండు చక్రములు ఒకే మట్టమున ఉన్నవో లేవో ఇనుప బద్దతో సరిచూచి, భేదమున్నచో క్రాంకు చక్రము వెనుక పలుచని వాషర్లతో సరిపుచ్చవలయును. నూనె చిమ్ము రేకును మరవక, తీసిన వైపునకే మరల వేయవలయును. మూయకముందు ఇంజనును చేతితో రెండు పూర్తి చుట్లు త్రిప్పి గుర్తులను మరల చూచుట తప్పనిసరి. ఈ రెండు చుట్లకు పట్టు వ్యవధి ఒక నిమిషమే. ఇంజనును కాపాడునది ఆ నిమిషమే.

నేటి కార్లలో కామ్ షాఫ్టు తలపైన ఉండుటచే చైను చాల పొడవు. దానికి ప్లాస్టిక్కు గైడులును, నూనె ఒత్తిడితో పనిచేయు టెన్షనరును తోడైనవి. ఇట్టి ఇంజనులను వెనుకకు త్రిప్పరాదు. టెన్షనరు పట్టు సడలి చైను దుమికిపోవచ్చును. క్రాంకు, కామ్ సెన్సార్లు చెప్పు లెక్కలు పొసగనప్పుడు కంప్యూటరు పి 0016 వంటి సంకేతమును చూపును. ఆ సంకేతము చూచి సెన్సారును మాత్రమే మార్చుట పొరపాటు. చైనును గూడ పరీక్షింపవలయును. రబ్బరు బెల్టు ఉన్న ఇంజనులకు తయారీదారు గడువు నిర్ణయించును. చైనుకు సామాన్యముగా గడువు చెప్పరు. అందుచేతనే అది శాశ్వతమను భ్రమ కలుగుచున్నది.

గోటితో పోవుదానికి గొడ్డలి యేలయని పెద్దలందురు. చైను విషయమున ఆ గోరు, వేళకు మార్చు నూనెయే. రేపు ఉదయము కారు తాళము త్రిప్పునప్పుడు, లోని రేడియోను ఒక్క నిమిషము ఆపి ఇంజను మాట వినుడని మా మనవి.