మీకు తెలుసా? జబ్బు ఛాతీలో... గోల కడుపులో!

భరించలేని కడుపునొప్పితో ఏలూరులో ఆస్పత్రికి వెళితే, ఛాతీకి ఎక్స్‌రే తీయించమంటారు. పొరపాటు కాదండోయ్! పేగుకు చిల్లు పడితే బయటికొచ్చిన గాలి పైకి తేలి, ఊపిరితిత్తుల అడుగున నల్లటి వంపుగీతగా కనిపిస్తుంది. అందుకే మనిషిని నిలబెట్టి మరీ తీస్తారు. ఎప్పుడో అరుదుగా అదే ఫిల్ములో, ఆ గీతకు పైన, ఊపిరితిత్తిలో క్యాన్సర్ గడ్డ కూడా బయటపడుతుంది. చిల్లుకు అసలు కారణం అదే కావచ్చు!

ఊపిరితిత్తుల క్యాన్సర్ మామూలుగా పాకేది మెదడుకి, ఎముకలకి, కాలేయానికి, అడ్రినల్ గ్రంథులకి. చిన్నపేగుకు చేరి బాధపెట్టడం నూటికి ఒకరిలో కూడా ఉండదు. కానీ ఈ జబ్బుతో పోయినవారికి శవపరీక్ష చేసి చూస్తే, కొన్ని అధ్యయనాల్లో నూటికి పదిమంది దాకా పేగుల్లో దాని ఆనవాళ్లు దొరికాయి!

అంతదూరం ఎలా వెళ్లిందంటారా? ఊపిరితిత్తుల రక్తం నేరుగా గుండె ఎడమభాగానికి చేరుతుంది, అక్కడినుంచి నిమిషానికి సుమారు 5 లీటర్ల చొప్పున ఒళ్లంతా పరుగే.

మరి పేగులో చేరాక ఏం చేస్తుందంటారా? కొల్లేరులోకి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు... ఎన్ని వచ్చి పడినా, సముద్రానికి దారి ఒక్క ఉప్పుటేరే. దానికి గుర్రపుడెక్క అడ్డుపడితే వెనక ఊళ్లు మునుగుతాయి. సుమారు 6 మీటర్ల చిన్నపేగులో గడ్డ అడ్డుపడ్డా అదే కథ: పొట్ట ఉబ్బరం, ఆగని వాంతులు.

పేగులోకి పేగు దూరిపోతుందంటే నమ్ముతారా? ఇది ఎక్కువగా పసిపిల్లల జబ్బు, 20 కేసుల్లో పెద్దవాళ్లది ఒకటే. పెద్దవాళ్లకు వస్తే మాత్రం సర్జన్లు ముందు గడ్డ కోసమే వెతుకుతారు.

అసలు గడ్డ పేగుదాకా రాకుండానే కడుపునొప్పి తెప్పించగలదా? ఓ, భేషుగ్గా! కొన్ని ఊపిరితిత్తుల క్యాన్సర్లు రక్తంలో కాల్షియాన్ని పెంచేస్తాయి, దాంతో మలబద్ధకం, వాంతులు, నొప్పి.

రక్తం ఒళ్లంతా తిరిగినా గడ్డ అన్నిచోట్లా ఎందుకు మొలవదు? క్యాన్సర్ విత్తనంలాంటిదని, తగిన నేల దొరికితేనే మొలుస్తుందని 1889లోనే లండన్ డాక్టర్ స్టీఫెన్ పాజెట్ రాశారు. రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది వివరాలు తిరగేశాక చెప్పిన మాట అది. తాడేపల్లిగూడెం రైతుకైతే ఒక్కరి వివరం కూడా అక్కర్లేకపోవచ్చు!

ఇక క్యాన్సర్ మందుల మాటకొస్తే, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో తన బృందంతో అమినోప్టెరిన్ అనే మందు తయారుచేయించారు. రక్త క్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకు అది ఇస్తే, 10 మందిలో జబ్బు కొంతకాలం తగ్గిందని సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించారు. దాని తమ్ముడు మెథోట్రెక్సేట్‌ను కీళ్లవాతానికి మింగేవాళ్లు ఈరోజు మీ వీధిలోనే ఉండొచ్చు!