గ్రనాడాలో టపాస్: డబ్బులు డ్రింకుకి, ప్లేటు ఫ్రీ

స్పెయిన్ ట్రిప్ అనగానే మనవాళ్ళు బార్సిలోనా, మాడ్రిడ్ టికెట్లు కొట్టేస్తారు. తిండి కోసం వెళ్తుంటే మాత్రం నా ఓటు గ్రనాడాకే. దక్షిణాన ఆండలూసియాలో ఉంటుంది, అల్హంబ్రా కోట ఉన్న ఊరు.

ఇక్కడ సిస్టమ్ ఏంటంటే, మీరు డ్రింక్ ఆర్డర్ చేస్తారు, దాంతో పాటు ఒక చిన్న ప్లేటు తిండి ఫ్రీగా వస్తుంది. అదే టపా. రెండో డ్రింక్ చెప్తే ఇంకో ప్లేటు, చాలా బార్లలో మొదటిదానికంటే వేరేది. ఏం రావాలో సాధారణంగా మీరు చెప్పరు, వాళ్ళే తెచ్చి పెడతారు. మందు తాగాలని రూలేం లేదు. కూల్‌డ్రింక్ చెప్పండి, లేదా 'మోస్తో' అడగండి, ద్రాక్ష రసం అది. దానికీ టపా వస్తుంది. బీర్ అయితే 'ఊనా కాన్యా' అంటే చాలు, చిన్న గ్లాసు ఇస్తారు.

నేను మొదటి రోజు పప్పులో కాలేశాను. సాయంత్రం 7కే ఆకలేసి వెళ్తే కిచెన్ తెరవలేదు. అక్కడ డిన్నర్ అంటే 9 దాటాకే. తెరిచేసరికి ఆకలి మీదున్నాం కదా, మెనూ చూసి రెండు 'రసియోన్'లు చెప్పేశాం. రసియోన్ అంటే ఇద్దరు ముగ్గురు పంచుకునే ఫుల్ ప్లేటు, దానికి డబ్బులు కట్టాలి. పైగా డ్రింకులతో ఫ్రీ ప్లేట్లు కూడా వచ్చాయి. సగం తిండి వదిలేసి బిల్లు కట్టి బయటికొచ్చాం. మీరు ముందు ఒక డ్రింక్ చెప్పి ఆగండి. ఏం వస్తుందో చూసి తర్వాత ఆలోచించండి.

ఎక్కడికి వెళ్ళాలి? మున్సిపల్ ఆఫీసు పక్కనే 'కాయె నవాస్' అనే వీధి ఉంది, మొత్తం బార్లే. టూరిస్టులు ఎక్కువే, అయినా అక్కడి 'లోస్ దియమాంతెస్' కోసం వెళ్ళాలి. ఫ్రైడ్ చేపలకి ఫేమస్. 'బొకెరోనెస్' అని చిన్న చేపలు వేయించి ఇస్తారు, మన నెత్తళ్ళ వేపుడికి అన్నదమ్ముల్లాంటివి. కూర్చోవడానికి చోటు దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి, కౌంటర్ దగ్గర నిలబడి తినడమే. ప్లాసా నువేవా దగ్గర 'బొదేగాస్ కస్తన్యేదా' ఉంది. వైన్ పీపాలు, పైనుంచి వేలాడే పంది తొడలు, పాత వాతావరణం. కొంచెం ఓపికుంటే అల్బైసీన్ కొండెక్కి 'బార్ అలియాతార్' దగ్గర నత్తలు ట్రై చేయండి. నాకు రెండో నత్త దగ్గరే చాలనిపించింది, అది నా ప్రాబ్లం.

ఇప్పుడు అసలు విషయం, వెజిటేరియన్లు. నాతో వచ్చిన ఫ్రెండ్ పుట్టినప్పటి నుంచి శాకాహారి. 'సిన్ కార్నె', అంటే మాంసం వద్దు అని చెప్పాడు. వెయిటర్ తల ఊపి చిక్కుడు గింజల ప్లేటు తెచ్చాడు. రెండు స్పూన్లు తిన్నాక చూస్తే అందులో 'హమోన్' ముక్కలు, అంటే పంది మాంసమే. వెయిటర్ మోసం చేశాడని కాదు. అక్కడ చాలామందికి కార్నె అంటే పెద్ద మాంసం ముక్క, హమోన్ వేరే లెక్క. వాడు ఆ రాత్రి ఇంకేం ముట్టుకోలేదు. రూమ్ దాకా మాట్లాడలేదు కూడా. ముందే కనుక్కోవాల్సింది నేనే, తీసుకెళ్ళింది నేనే కదా.

అందుకే డ్రింక్ చెప్పేటప్పుడే ఇలా అనండి: 'సోయ్ వెహెతరియానో, సిన్ హమోన్, సిన్ అతూన్'. అమ్మాయిలైతే 'వెహెతరియానా'. అతూన్ అంటే ట్యూనా చేప, సలాడ్‌లో చెప్పకుండా వేసేస్తారు. మర్నాడు వాడికి 'బెరెన్హేనాస్ కోన్ మియెల్' చెప్పాం, డబ్బులు కట్టే. వేయించిన వంకాయ ముక్కల మీద చెరకు పాకం. వంకాయ బజ్జీ మీద బెల్లం పాకం పోసినట్టు ఉంటుంది, వినడానికి వింతే గానీ వాడు రెండో ప్లేటు అడిగాడు. చేపలు వేయించిన నూనెలోనే వేయించొచ్చు, పట్టింపు ఉన్నవాళ్ళు అదీ అడగండి. ఆ స్పానిష్ వాక్యం స్క్రీన్ మీద పెడుతున్నా, స్క్రీన్‌షాట్ తీసుకోండి.